పసివారి పడక: పరుపు ఎంపికలో పాటించవలసిన మెలకువలు

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడింటిని శరీరాన్ని నిలబెట్టే ఉపస్తంభాలుగా చరక సంహిత పేర్కొన్నది. వీటిలో పసిపిల్లలకు నిద్రతో ఉన్న సంబంధం పెద్దలకంటె ఎంతో ఎక్కువ. అప్పుడే పుట్టిన శిశువు రోజుకు 14 నుండి 17 గంటలు నిద్రిస్తుంది. ఏడాది దాటిన బిడ్డకు 11 నుండి 14 గంటలు, మూడు నుండి ఐదేళ్ళ వయసువారికి 10 నుండి 13 గంటలు నిద్ర అవసరం. అనగా బాల్యంలో సగం కాలం పడకమీదనే గడుస్తుంది. ఆ సమయమంతా బిడ్డ ముక్కు పరుపుకు బెత్తెడు దూరంలో ఉంటుంది. శరీరపు బరువుతో పోల్చి చూస్తే పసివారు పెద్దలకంటె ఎక్కువ గాలిని పీల్చుకుంటారు. కావున పరుపులో ఏ దోషమున్నా అది ముందుగా సోకేది పిల్లలకే.

బిడ్డకు పట్టే పాల విషయంలో, పెట్టే అన్నం విషయంలో ఎంతో శ్రద్ధ వహించే తల్లిదండ్రులు కూడా పరుపు కొనేటప్పుడు రంగును, మెత్తదనాన్ని, ధరను మాత్రమే చూస్తున్నారు. లోపల ఏమి కూరినదీ అడగడం లేదు. ఈ వ్యాసంలో పిల్లల పరుపును ఎలా ఎన్నుకొనవలెనో, ఉన్న పరుపును ఎలా కాపాడుకొనవలెనో తెలుసుకుందాము.

శాస్త్రం ఏమి చెప్పినది?

చరక సంహిత శారీరస్థానంలో ‘జాతిసూత్రీయం’ అనే ఎనిమిదవ అధ్యాయమున్నది. గర్భిణీ పరిచర్య, ప్రసవం, శిశు సంరక్షణ అందులోని విషయాలు. శిశువు ఉండే గది ఎలా ఉండవలెనో వివరిస్తూ, పిల్లవాని పడక, ఆసనం, పరచే గుడ్డ, కప్పే గుడ్డ మృదువుగా, తేలికగా, శుచిగా, మంచి వాసన కలిగి ఉండవలెనని ఆచార్యుడు నిర్దేశించినాడు. చెమట, మలమూత్రాలు, పురుగులు అంటిన వాటిని విడిచిపెట్టవలెనన్నాడు. వేరే గుడ్డలు లేనప్పుడు వాటినే బాగా ఉతికి, ధూపం వేసి, శుభ్రంగా ఆరబెట్టి వాడుకొనవచ్చునని కూడా చెప్పినాడు.

ఈ మాటలను నేటి పరుపుకు అన్వయించుకుంటే మూడు ప్రశ్నలు ఏర్పడతాయి. ఒకటి, పరుపు లోపల ఉన్న పదార్థం శుచియైనదేనా? రెండు, దానినుండి వచ్చే వాసన ఎటువంటిది? మూడు, అది తడిసినప్పుడు ఉతకడానికి, ఆరబెట్టడానికి వీలున్నదా? ఈ మూడింటికి సమాధానం దొరికితే పరుపు ఎంపిక సగం పూర్తి అయినట్లే. మూడవ ప్రశ్నను చాలామంది అడగరు. నిజానికి అది మిక్కిలి ముఖ్యమైనది. ఆరబెట్టడానికి వీలులేని పరుపు ఎంత ఖరీదైనదైనా పిల్లలకు పనికిరాదు.

‘మృదువు’ అన్న మాటను కూడా సరిగా గ్రహించవలెను. ఒంటికి తగిలే గుడ్డ గరుకుగా ఉండరాదని దాని భావంగా తీసుకొనవలెనే గాని, బిడ్డ తల కూరుకుపోయేంత మెత్తని పరుపు కావలెనని కాదు.

స్పాంజి పరుపులో ఉండేదేమిటి?

నేడు బజారులో విరివిగా దొరికే స్పాంజి పరుపులు పాలియూరిథేన్ అనే పదార్థంతో తయారవుతాయి. పెట్రోలియం నుండి లభించే పాలియాల్, డై ఐసోసైనేట్ అనే రెండు రకాల రసాయనాలను కలిపి, పొంగించి, గట్టిపరచి ఈ స్పాంజిని చేస్తారు. కొత్త పరుపు కట్ట విప్పగానే ఘాటైన వాసన వస్తుంది. త్వరగా ఆవిరి అయ్యే కర్బన రసాయనాలు గాలిలో కలియడమే దీనికి కారణం. పొరలను అతికించే జిగురు కూడా ఇందుకు తోడవుతుంది.

అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు శిశువుల తొట్టె పరుపులను పరీక్షించి 2014లో ఫలితాలను ప్రకటించారు. కొత్త పరుపులు పాతవాటికంటె సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా ఇటువంటి ఆవిరులను వెలువరిస్తున్నాయని, ఒంటి వేడి తగిలినప్పుడు అవి పెరుగుతున్నాయని అందులో తేలినది. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో ప్రకటించిన అధ్యయనంలో 16 కొత్త పిల్లల పరుపులను పరీక్షించగా, ప్లాస్టిక్‌ను మెత్తపరచే థాలేట్లు, మంటను నిరోధించే రసాయనాలు బయటపడినవి. బిడ్డ బరువు, ఒంటి వేడి ఉన్న స్థితిని కల్పించి చూసినప్పుడు ఇవి మరింత ఎక్కువగా వెలువడినవి. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన ప్రాంతాలలో, తలుపులు మూసిన గదులలో ఈ విషయాన్ని మరింతగా ఆలోచించవలసి ఉన్నది.

మంటను నిరోధించే రసాయనాల కథ కూడా తెలుసుకొనదగినది. స్పాంజి త్వరగా అంటుకుంటుంది. అందువలన కొన్ని దేశాలలో దానికి బ్రోమిన్, క్లోరిన్ కలిగిన రసాయనాలను చేర్చేవారు. వీటిలో పెంటా బ్రోమో డైఫినైల్ ఈథర్ అనే రకం ఇంటి దుమ్ములో చేరి, శరీరపు కొవ్వులో నిలిచిపోయి, తల్లిపాలలో కూడా కనిపించినది. 2009లో స్టాక్‌హోం అంతర్జాతీయ ఒప్పందం దీనిని నిర్మూలించవలసిన వాటి జాబితాలో చేర్చినది. మన దేశం 2018లో జారీచేసిన నియమాల ద్వారా దీనిని నిషేధించినది. కావున ఏనాటివో తెలియని పాత దిగుమతి పరుపులను, పాత సోఫాలనుండి తీసిన స్పాంజి ముక్కలను పిల్లలకు వాడరాదు. స్పాంజి ముక్కలను పొడిచేసి, జిగురుతో అదిమి చేసిన ‘రీబాండెడ్’ పరుపులలో ఏ ముక్క ఎక్కడినుండి వచ్చినదో తెలియదు.

పక్క తడుస్తుందని పరుపుపై తొడిగే ప్లాస్టిక్, రెక్సిన్ తొడుగుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. వీటిలో చాలా వరకు పి.వి.సి.తో చేసినవే. దానిని మెత్తపరచడానికి థాలేట్లు కలుపుతారు. వీటిలో కొన్ని శరీరంలోని హార్మోనుల పనికి అడ్డు తగులుతాయి. పిల్లల వస్తువులలో ఇటువంటి కొన్ని థాలేట్లు 0.1 శాతానికి మించరాదని అమెరికా 2008లో చట్టం చేసినది. కొత్తది విప్పినప్పుడు ఘాటైన ప్లాస్టిక్ వాసన వచ్చే తొడుగును పిల్లలకు వాడకపోవడం మంచిది.

ఇంట్లో ఇప్పటికే స్పాంజి పరుపు ఉన్నవారు భయపడి దానిని పారవేయనవసరం లేదు. వాసన పూర్తిగా పోయిన పరుపునుండి వెలువడే ఆవిరులు తక్కువ. దానిపై మందమైన నూలు బొంత పరచి వాడుకొనవచ్చును. గుడ్డ చిరిగి, స్పాంజి పొడిపొడిగా రాలుతున్నట్లయితే మాత్రం వెంటనే తీసివేయవలెను.

మన ప్రాంతపు పరుపులు: గుణదోషాలు

బొంత: పాత నూలు చీరలను, పంచెలను పొరలు పొరలుగా పేర్చి కుట్టే బొంతను మించిన పడక పసివారికి లేదు. ఎన్నోసార్లు ఉతికిన గుడ్డలో అద్దకపు రంగు, గంజి, ముడుతలు పడకుండా కలిపే రసాయనాలు చాలావరకు పోయి ఉంటాయి. అది చెమటను పీల్చుకుంటుంది. ఉతికిన పూటలోనే ఆరుతుంది. బొంతకు నూలు చీరలే వాడవలెను. పాలిస్టరు చీరలు చెమటను పీల్చవు.

పత్తి పరుపు: చక్కగా ఏకిన పత్తిని బిగువుగా కూరి, మధ్య మధ్య కుట్లు వేసిన పరుపు పిల్లలకు ఎంతో అనుకూలమైనది. మూడు అంగుళాల మందం చాలును. అయితే చౌకగా వచ్చే పరుపులలో పత్తికి బదులు మిల్లులలో మిగిలిన వ్యర్థపు నూలు, పాత గుడ్డలను చించి పీకిన పీచు కూరుతారు. ఆ పీచులో రంగులు, మురికి, దుమ్ము ఉంటాయి. కావున కూర్చకముందే దూదిని కంటితో చూడవలెను. మంచి దూది లేత తెలుపు లేక మీగడ రంగులో ఉంటుంది. రంగు రంగుల నూలు పోగులు కనబడితే అది దూది కాదు.

బూరుగు దూది పరుపు: తెల్ల బూరుగు కాయలు ఎండాకాలంలో పగులుతాయి. ఆ దూది పోగులు లోపల బోలుగా ఉండి, పైన మైనపు పూత వంటి పొరను కలిగి ఉంటాయి. అందువలన అవి మిక్కిలి తేలికగా ఉంటాయి, నీటిని త్వరగా పీల్చవు. ఇది పిల్లలకు హాయినిచ్చే పడకే గాని ఇందులో రెండు లోపాలున్నవి. ఇది బాగా అణగిపోతుంది కావున ఏడాదిలోపు శిశువులకు తగదు. నిప్పు తగిలితే ఒక్క క్షణంలో అంటుకుంటుంది కావున దీపానికి, దోమల చుట్టకు దూరంగా ఉంచవలెను. అంటుకున్న స్పాంజి కూడా ప్రాణాంతకమైన విషవాయువులను విడుస్తుంది కావున ఈ హెచ్చరిక దానికీ వర్తిస్తుంది.

కొబ్బరి పీచు పరుపు: కొబ్బరి పీచును మెలితిప్పి, రబ్బరు పాలతో అతికించి, వేడిచేసి గట్టిపరుస్తారు. ఇవి బిగువుగా ఉంటాయి, గాలి ఆడుతుంది. పిల్లల ఎముకల పెరుగుదలకు మంచి ఆధారమిస్తాయి. అయితే పై పొరగా స్పాంజిని అతికించి ‘కాయిర్ పరుపు’ అని అమ్మడం సర్వసాధారణం. స్పాంజి ఎన్ని అంగుళాలున్నదో అడిగి తెలుసుకొనవలెను. పీచు చెమ్మ తగిలి ఆరకపోతే బూజు పడుతుందని మరువరాదు.

లేటెక్స్ పరుపు: రబ్బరు చెట్టు పాలతో చేసినది మంచిదే గాని ఖరీదు ఎక్కువ. లేటెక్స్ పేరుతో కృత్రిమ రబ్బరు కలిపినవి కూడా వస్తున్నాయి. ఇంట్లో ఎవరికైనా రబ్బరు పడని తత్వం ఉంటే బిడ్డకు దీనిని తీసుకొనకపోవడమే మేలు.

దోమతెర పరుపులు: బాలింతను చూడవచ్చేవారు కానుకగా తెచ్చే ముఖమల్ గుడ్డ పరుపులలో సాధారణంగా పాలిస్టరు దూది ఉంటుంది. అవి మెత్తగా దిగిపోతాయి, చెమట పట్టిస్తాయి. దోమతెరను ఉంచుకొని, లోపల పరుపు స్థానంలో బిగువైన నూలు బొంతను పరచుకొనవచ్చును.

వయసును బట్టి ఎంపిక

ఏడాదిలోపు శిశువుకు పడక చదునుగా, గట్టిగా ఉండవలెను. శిశువును వెల్లకిలా పరుండబెట్టవలెను. మెత్తని పరుపులో బోర్లపడిన శిశువు తల తిప్పుకొనలేక, తాను విడిచిన గాలినే మరల పీల్చుచూ ఊపిరాడక చనిపోయే ప్రమాదమున్నది. 1990వ దశకంలో అనేక దేశాలు వెల్లకిలా పరుండబెట్టమని ప్రచారం చేసిన తరువాత నిద్రలోని ఆకస్మిక శిశు మరణాలు గణనీయంగా తగ్గినవి. ఈ వయసులో దిండు, మెత్తని బొమ్మలు, బరువైన దుప్పటి పడకపై ఉంచరాదు. తల గుండ్రంగా రావడానికి మన ఇళ్ళలో వాడే ఆవాల దిండును కూడా నిద్రవేళ వాడరాదు. మెలకువగా ఉన్నప్పుడు, పెద్దలు దగ్గర కూర్చుని, బిడ్డను కాసేపు బోర్లా పరుండబెడితే తల ఆకృతికి, మెడ బలానికి అదే మేలు చేస్తుంది.

తొట్టెలో పరుపుకు, అంచుకు మధ్య రెండు వేళ్ళకు మించిన సందు ఉండరాదు. మూత్రం దిగకుండా రబ్బరు షీటు వేయవలసి వస్తే దానిని బొంత కింద ముడుతలు లేకుండా పరచి, ఒంటికి నూలు గుడ్డే తగిలేటట్లు చూడవలెను.

ఒకటి నుండి ఐదేళ్ళ పిల్లలకు పత్తి పరుపు లేక బిగువైన కొబ్బరి పీచు పరుపు తగినది. పక్క తడిపే అలవాటున్న పిల్లలకు ఒకే మందమైన పరుపుకంటె రెండు పలుచని పరుపులు మార్చి మార్చి వాడడం మంచిది. ఒకటి ఎండలో ఉండగా రెండవది పడకపై ఉంటుంది.

ఉబ్బసం, తుమ్ముల తత్వమున్న పిల్లలకు పాత దూది పరుపు శత్రువు వంటిది. అందులో కంటికి కనబడని ధూళి పురుగులు పెరుగుతాయి. మన ఒంటినుండి రాలే చర్మపు పొట్టు వాటి ఆహారం. గాలిలో చెమ్మ ఉంటే అవి వేగంగా వృద్ధి చెందుతాయి. ఇటువంటి పిల్లలకు వారానికొకసారి ఉతకడానికి వీలైన బొంతలు, లేక దట్టమైన నేతగల గలీబును నాలుగువైపులా మూసి తొడిగిన పరుపు శ్రేయస్కరం.

దుకాణంలో పరీక్షించే విధానం

1. అరచేతితో పరుపును గట్టిగా అదిమి వదలవలెను. వెంటనే పైకి లేవవలెను. చేతి గుర్తు నిలిచిపోయే పరుపు శిశువుకు తగదు.

2. ముక్కును దగ్గరగా పెట్టి వాసన చూడవలెను. ఘాటుగా ఉన్నా, అత్తరు వంటి పరిమళంతో కప్పిపుచ్చినా తీసుకొనరాదు. శాస్త్రం చెప్పిన మంచి వాసన పరిశుభ్రత వలన కలిగేదే గాని కృత్రిమ పరిమళం కాదు.

3. గలీబుకు జిప్పు ఉంటే తెరచి లోపల ఉన్న పొరలను చూపించమని అడగవలెను. బిల్లుపై లోపలి పదార్థం పేరు వ్రాయించుకొనవలెను.

4. ‘సహజం’, ‘మూలికా గుణం కలది’ అనే మాటలను మాత్రమే చూసి నమ్మరాదు. గుడ్డకు ‘ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100’ గుర్తు ఉంటే, అది మూడేళ్ళలోపు పిల్లలకు వర్తించే మొదటి తరగతియా అని చూడవలెను. అన్నిటికంటె కఠినమైన పరిమితులు ఆ తరగతికే ఉన్నవి. సేంద్రియ పత్తికి ‘గాట్స్’, సహజ లేటెక్స్‌కు ‘గోల్స్’ గుర్తులున్నవి. ఇవి లేని మంచి పరుపులూ ఉంటాయి. దూదిని కళ్ళతో చూసి, ఎదుట ఏకించి కుట్టించుకున్న పరుపుకు వేరే గుర్తు అవసరం లేదు.

5. బిడ్డ పుట్టడానికి కనీసం నెల ముందే కొనవలెను. కట్ట విప్పి, గాలి ఆడే నీడలో వాసన పోయేవరకు నిలబెట్టి ఉంచవలెను. స్పాంజి, లేటెక్స్ పరుపులను ఎండలో ఉంచితే అవి పెళుసు బారి పొడిరాలుతాయి. ఎండ దూది పరుపులకే మంచిది.

పరుపు సంరక్షణ

దూది పరుపును వారానికొకసారి మూడు నాలుగు గంటలపాటు మంచి ఎండలో, రెండు వైపులా తిప్పుతూ వేయవలెను. ఎండ వలన లోపలి చెమ్మ తొలగి ధూళి పురుగుల పెరుగుదల అణగుతుంది. తరువాత కర్రతో కొట్టి దుమ్ము దులపవలెను. పురుగులు చచ్చినా వాటి మలం దుమ్ములో మిగిలి తుమ్ములు తెప్పిస్తుంది కావున దులపడం తప్పనిసరి. ఆ సమయంలో బిడ్డను దూరంగా ఉంచవలెను.

దుప్పట్లను, దిండు గలీబులను వారానికొకసారి చేయి పెట్టలేనంత వేడినీటిలో, అనగా సుమారు 60 డిగ్రీల వేడిలో నానబెట్టి ఉతకవలెను. పరుపు ఉండలు కట్టినప్పుడు దూదేకులవారిచేత మరల ఏకించవలెను. ఏకేటప్పుడు లేచే నూగు ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఆ పని ఆరుబయట జరగవలెను, ఏకేవారు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకొనవలెను. వానాకాలానికి ముందు ఈ పని ముగించుకుంటే శ్రేష్ఠం.

ధూపం, కలరా ఉండలు, నల్లుల మందు

చరకాచార్యుడు యవలు, ఆవాలు, అవిసెలు, ఇంగువ, గుగ్గులు, వస మొదలైన వాటిని నేతితో కలిపి ధూపం వేయమన్నాడు. ఆ ధూపాన్ని బట్టలకు, పడకకు, పరచే కప్పే గుడ్డలకు అని స్పష్టంగా చెప్పినాడు. మన ఇళ్ళలో బిడ్డకు తలంటి, మూసిన గదిలో సాంబ్రాణి పొగ పట్టడం ఆచారంగా ఉన్నది. పసివారి ఊపిరితిత్తులకు ఏ పొగయైనా హానికరమే. బిడ్డ లేని గదిలో పడక గుడ్డలకు ధూపం వేసి, తలుపులు తెరచి, పొగ పూర్తిగా పోయిన తరువాతనే బిడ్డను పరుండబెట్టవలెను.

పడక గుడ్డలు దాచే పెట్టెలలో కలరా ఉండలు వేయడం ప్రమాదకరం. వీటిలోని నాఫ్తలీన్ ఆవిరి, జి-6-పి-డి అనే ఎంజైము లోపమున్న శిశువుల రక్తకణాలను ఛిద్రం చేస్తుంది. తీవ్రమైన కామెర్లు కలిగి, మెదడు దెబ్బతిని, ప్రాణాపాయం కూడా ఏర్పడవచ్చును. పుట్టుకతో వచ్చే ఈ లోపం పైకి కనిపించదు. కావున ఏ శిశువు గుడ్డలలోనూ వీటిని వేయరాదు. కర్పూరం బిళ్ళలు కూడా వద్దు. కొద్దిపాటి కర్పూరం మింగినా పిల్లలకు ఫిట్స్ రావచ్చును. వీటికి బదులు నీడలో ఆరిన వేపాకును, వస కొమ్ములను పలుచని గుడ్డలో మూటగట్టి పెట్టెలో ఉంచి, నెలకొకసారి మార్చవలెను. మూట పిల్లల చేతికి అందరాదు. వాడేముందు గుడ్డలను ఒకసారి ఉతికి ఎండవేయవలెను.

నల్లులు పడితే పరుపుపై పురుగుమందు చల్లరాదు. ధాన్యం నిల్వకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలను ఇంట్లో పెట్టనే రాదు. అవి గాలిలోని చెమ్మతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువును విడుస్తాయి. నల్లులకని పెట్టిన ఈ బిళ్ళల వలన నిద్రలోనే మరణించినవారున్నారు. మంచం సందులలో మరుగునీరు పోయడం, గుడ్డలను మరిగించడం, పరుపు కుట్లవెంబడి వేడి ఆవిరి పట్టడం సురక్షితమైన మార్గాలు. అప్పటికీ పోకపోతే దూదిని తీసివేసి పరుపును కొత్తగా కూర్పించవలెను.

వైద్యుని ఎప్పుడు సంప్రదించవలెను?

నిద్ర లేవగానే ప్రతిదినం తుమ్ములు, ముక్కు కారడం, రాత్రివేళ దగ్గు లేక పిల్లికూతలు, వీపుపై దద్దుర్లు కనిపించి, వేరే చోట పడుకున్నప్పుడు తగ్గుతున్నట్లయితే పరుపును అనుమానించవలెను. పరుపు మార్చి చూస్తూనే వైద్యునికి చూపవలెను. కలరా ఉండల వాసన తగిలిన శిశువుకు ఒళ్ళు పచ్చబడినా, పాలిపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా గృహవైద్యం చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలెను.

పిల్లలకు మేలైన పడక ఖరీదైనదే కానవసరం లేదు. లోపల ఏమున్నదో తెలిసినది, తల దిగబడనిది, తడిస్తే పూర్తిగా ఆరేది మంచి పడక. ఈ మూడు లక్షణాలున్న బొంతను ఏ పేద ఇంటిలోనైనా కుట్టుకొనవచ్చును. ఇవి లేని పరుపును ఎంత ధర పెట్టినా కొనరాదు.